దెబ్బ తిన్న పాత కారు: బాగు చేయించాలా, వదులుకోవాలా?

బ్రాంచీలో వెహికిల్ లోన్ డెస్కు దగ్గర కూర్చున్నవాళ్లను కొత్త కారు గురించి అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. పన్నెండు, పదమూడేళ్ల బండికి గుద్దుడు తగిలితే ఏం చెయ్యాలని అడిగేవాళ్లు అరుదు. అప్పటికి లోను తీరిపోయి ఉంటుంది, బ్యాంకుతో పని ఉండదు. గ్యారేజీ వాడు చెప్పింది వినడం, పక్కింటివాళ్లు చెప్పింది వినడం, చివరికి ఏదో ఒకటి తేల్చుకోవడం. ఆ లెక్క వేయాల్సిన అవసరం పోయిన ఏడాది మా ఇంటికే వచ్చింది. మన సిబ్బంది కుటుంబాల్లో పాత కారున్న ఇళ్లు తక్కువేం కాదు కాబట్టి లెక్క మొత్తం ఇక్కడ పెడుతున్నాను. అంకెలు మా బండివి. మీ బండి అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

మాది 2011లో విశాఖపట్నంలో కొన్న చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పదేళ్లు సముద్రానికి దగ్గర్లోనే, అపార్ట్‌మెంట్ బయట ఆరుబయట నిలబడింది. 2021లో ఖరగ్‌పూర్ బదిలీ వచ్చింది. మా ఆవిడ పుట్టిల్లు అదే. ఒకప్పటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. మావయ్యగారు ఖరగ్‌పూర్ వర్క్‌షాపు క్యారేజీ షాపులో పని చేసి రిటైరయ్యారు. మలంచలో సొంత ఇల్లు. అత్తయ్యగారికి మోకాళ్లు బాగాలేవు. రైల్వే ఆసుపత్రికైనా, కంసావతి దాటి మెదినీపూర్‌లో డాక్టరు దగ్గరకైనా కారు లేకపోతే ఆవిడ కదల్లేరు. మాకు కారు అవసరం అంటే అదీ.

ఇక్కడ ఒక మాట. వేరే రాష్ట్రంలో బండిని 12 నెలలకు మించి ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆ రాష్ట్రపు నంబరు తీసుకోవాలి. మేం ఎన్ఓసీ తెచ్చి, ఇక్కడి పన్ను కట్టి మార్పించుకున్నాం. 2021 సెప్టెంబరు నుంచి వచ్చిన బీహెచ్ సిరీస్‌కు ప్రభుత్వ రంగ బ్యాంకు ఉద్యోగులు అర్హులే. మొదట కొత్త బండ్లకే ఇచ్చేవారు, 2022 డిసెంబరు సవరణతో పాత రిజిస్ట్రేషన్లనూ అందులోకి మార్చుకునే వీలు వచ్చింది. తరచూ బదిలీలయ్యే మనవాళ్లు దీన్ని ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇక విషయానికి వస్తాను. 2024 జూలైలో ఒక సాయంత్రం వానలో, చౌరంగీ కూడలి దగ్గర ఒక చిన్న గూడ్సు బండి ఎడమ పక్క నుంచి వచ్చి మా కారు ముందు భాగాన్ని గుద్దింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి అక్కడి నుంచే ఫోన్ చేసి, పోలీస్ స్టేషన్‌లో జనరల్ డైరీ ఎంట్రీ చేయించాం. కారు స్టార్టయింది. "మూడు కిలోమీటర్లేగా, మెల్లగా తోలుకెళ్లిపోండి సార్" అని అక్కడివాళ్లు సలహా ఇచ్చారు కానీ కింద ఆకుపచ్చ కూలెంట్ కారుతోంది. టోయింగ్ బండి పిలిపించాం. రేడియేటరు పగిలిన బండిని నడిపి ఇంజన్ కాలిపోతే ఆ కొత్త నష్టం మనదే, పాలసీ షరతుల్లో స్పష్టంగా ఉంటుంది. అలాగే సర్వేయరు చూడకముందు ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకూడదు.

మూడో రోజు గ్యారేజీ ఎస్టిమేటు వచ్చింది. పన్నులతో కలిపి 92,000 రూపాయలు. ఇది చూడగానే ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. "లక్షన్నర చెయ్యని కారుకు లక్ష పెడతామా?" అని మా ఆవిడ. "ఇన్సూరెన్స్ ఉందిగా, అంతా వాళ్లే ఇస్తారు" అని అత్తయ్యగారు. రెండు మాటలూ సగం సగం నిజాలు. పాత కారు విషయంలో ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే.

ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుంది?

మామూలు పాలసీలో కంపెనీ కొత్త పార్టు ఖరీదు మొత్తం ఇవ్వదు. తరుగు కోస్తుంది. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి, ఎయిర్‌బ్యాగులకు బండి వయసుతో సంబంధం లేకుండా 50 శాతం. ఫైబర్ గ్లాసుకు 30 శాతం. అద్దానికి తరుగు లేదు. లోహపు భాగాలకు వయసును బట్టి: ఆరు నెలల లోపు ఏమీ లేదు, తర్వాత పెరుగుతూ పోయి అయిదు నుంచి పదేళ్ల మధ్య 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం. పెయింటింగ్ బిల్లు మొత్తం కలిపి రాస్తే అందులో పావు వంతును రంగు ఖరీదుగా తీసుకుని దానిలో సగం కోస్తారు. కూలికి తరుగు లేదు. జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవరు ఉంటే ఈ కోతలు ఉండవు గానీ అంత పాత బండ్లకు దాన్ని సాధారణంగా ఇవ్వరు.

మా ఎస్టిమేటు విడదీస్తే లోహపు భాగాలు 38,000, ప్లాస్టిక్ 16,000, ముందు అద్దం 6,000, పెయింటింగ్ 12,000, కూలి 20,000. కంపెనీ ఇచ్చేది వరుసగా 19,000, 8,000, 6,000, 10,500, 20,000. మొత్తం 63,500. అందులో 1500 సీసీ లోపు కార్లకు తప్పనిసరి కోత 1,000. మిగిలేది 62,500. అంటే మా జేబులోంచి 29,500.

క్లెయిము చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. మాకు 50 శాతం ఉండేది. సొంత నష్టం ప్రీమియం మాకు బోనస్ లేకుండా 4,000 దాకా వస్తుంది. ఒకసారి క్లెయిము చేస్తే బోనస్ సున్నాకు పడి, మళ్లీ క్లెయిము లేని ఒక్కో ఏడాదికి 20, 25, 35, 45 అంటూ మెట్లు ఎక్కుతుంది. ఆ అయిదేళ్లలో మేం అదనంగా కట్టేవి 2,000, 1,200, 1,000, 600, 200. మొత్తం 5,000. దీన్నిబట్టి ఒకటి తేలుతుంది: చేతికి నాలుగయిదు వేలు వచ్చే చిన్న సొట్టకు క్లెయిము వేయడం దండగ. మా దెబ్బ అంత చిన్నది కాదు. ఈ బోనస్ బండిది కాదు, మనిషిది. పాత బండి అమ్మేసినా, కంపెనీ దగ్గర కాగితం తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే బండికి వాడుకోవచ్చు.

తర్వాతది ఐడీవీ, అంటే పాలసీలో రాసిన బండి విలువ. అయిదేళ్ల దాకా దీనికి పట్టిక ఉంది, అయిదో ఏటికి సగానికి దిగుతుంది. ఆపైన మనమూ కంపెనీ కలిసి ఒప్పుకున్న అంకె. రెన్యువల్ అప్పుడు ప్రీమియం రెండు వందలు తగ్గుతుందని ఏజెంటు ఈ అంకె తగ్గిస్తూ పోతాడు, మనం చూడం. మాది 1,40,000. బాగు చేసే ఖర్చు, పాలసీ షరతులకు లోబడి, ఐడీవీలో 75 శాతం దాటితే బండిని మొత్తం నష్టం కింద లెక్కిస్తారు. మాకు ఆ గీత 1,05,000. 'షరతులకు లోబడి' అన్న మాట ఉంది కాబట్టి గ్యారేజీ అంకె కాకుండా సర్వేయరు తేల్చిన అంకె చూసుకోవాలి. మా బండి గీతకు ఇవతలే ఉంది. కాబట్టి బాగు చేయించాలా వద్దా అన్నది మా చేతుల్లోకే వచ్చింది.

మూడో దారి కూడా ఉంది, చాలామందికి తెలియదు. బాగు చేయించకుండా క్యాష్ లాస్ పద్ధతిలో కొంత డబ్బు తీసుకుని, బండిని ఉన్నదున్నట్టు మనమే ఉంచుకోవచ్చు. రెండు పక్షాలూ ఒప్పుకోవాలి, వచ్చేది తక్కువ. మాకు 46,000 దాకా వస్తుందని తేలింది. ఉన్నదున్నట్టు కారు ఇస్తే 45,000 ఇస్తానని ఒక సెకండ్ హ్యాండ్ డీలరు ఫోటోలు చూసి చెప్పాడు.

మా ఆవిడ వేసిన ప్రశ్నలో ఒక చిక్కుంది. 92,000ను కారు విలువతో పోల్చి చూడకూడదు. ఇదే స్థాయి కారు మళ్లీ గుమ్మం ముందు నిలబడాలంటే మన జేబులోంచి ఎంత పోతుంది అని చూడాలి. బాగు చేయిస్తే 29,500, బోనస్ నష్టం 5,000, కలిపి 34,500. అమ్మేస్తే చేతికొచ్చేది 91,000. అలాంటిదే ఇంకో పాత కారు పేరు మార్పిడి ఖర్చులతో 1,35,000. తేడా 44,000, బోనస్‌తో కలిపి 49,000. పైగా ఆ కొత్తగా కొన్న పాత కారును ఎవరు ఎలా వాడారో మనకు తెలియదు. లెక్క ప్రకారం బాగు చేయించడమే మేలు. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నిండేది 2026లో. 2022 ఏప్రిల్ నుంచి కార్ల రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది, రాష్ట్రపు పన్నులు వేరే. అది కలుపుకున్నా తీర్పు మారలేదు. సరే, పని మొదలుపెట్టమని చెబుదామనుకున్నాం.

అండర్‌ఫ్రేమ్

మావయ్యగారు అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని చూసి, "అంకెలు బాగానే ఉన్నాయి బాబూ. అండర్‌ఫ్రేమ్ ఎవరైనా చూశారా?" అన్నారు.

ఆయన సర్వీసంతా గడిచింది అందులోనే. దెబ్బ తిన్న పెట్టె షాపులోకి వస్తే, లోపల బెర్తులు విరిగాయా, కిటికీలు పోయాయా అని ముందు చూడరట. అవన్నీ మార్చేవే. కిందున్న అండర్‌ఫ్రేమ్ తిన్నగా ఉందా, తుప్పు ఎంత తిన్నది, కోడల్ లైఫ్ ఇంకా ఎన్నేళ్లుంది అని చూస్తారు. పాత రకం ఐసీఎఫ్ పెట్టెకు ఆ ఆయుష్షు 25 ఏళ్లు. ఇంకా వయసున్న పెట్టెకైనా ఫ్రేమ్ పోతే కండెమ్ చేస్తారు. "పైన రంగు వేస్తే పెట్టె కొత్తగానే కనబడుతుంది. పరిగెత్తేది కింది ఇనుము" అన్నారు.

కారుకూ ఇదే వర్తిస్తుంది, ఇంకా ఎక్కువగా. పాత అంబాసిడర్ మొదలుకొని ఇప్పటి చిన్న కార్ల దాకా మోనోకాక్ నిర్మాణమే. లారీలా విడిగా ఛాసిస్ ఉండదు, నేల, స్తంభాలు, ముందున్న రెండు పొడవాటి పెట్టె దూలాలు అన్నీ కలిసి ఒకే గుల్ల. ఎదురుగా గుద్దుకున్నప్పుడు ఆ దూలాలు ఒక పద్ధతిలో మడతపడుతూ దెబ్బ జోరును మింగేస్తాయి, కూర్చున్నవాళ్ల దాకా రానివ్వవు. దూలం వంగితే లాగి సరిచెయ్యొచ్చు, మంచి గ్యారేజీల్లో దానికి బెంచీ ఉంటుంది. కానీ తుప్పు తిన్న దూలం మడతపడాల్సిన చోట మడతపడదు, తుంచినట్టు విరుగుతుంది.

గ్యారేజీకి వెళ్లి బండిని ర్యాంపు ఎక్కించమన్నాం. మావయ్యగారు టేపు తీసుకొచ్చారు. ముందు ఎడమ మూల నుంచి వెనక కుడి మూలకు, ముందు కుడి నుంచి వెనక ఎడమకు కింద ఒకే రకం బోల్టు రంధ్రాల మధ్య కొలిపించారు. రెండు కర్ణాలూ సమానంగా ఉండాలి. తేడా వచ్చింది గానీ అది లాగితే సరిపోయేదేనని మెకానిక్ అన్నాడు, నిజమే కావచ్చు. ఆ తర్వాత మావయ్యగారు స్క్రూడ్రైవరు పిడితో ఎడమ దూలం మీద తడుతూ వెళ్లారు. ఒకచోట టంగుమని మోగాల్సింది బొద్దుగా పలికింది. అండర్‌కోటింగ్ గీకితే కింద ఇనుము పొరలు పొరలుగా చేతికొచ్చింది. పదేళ్ల ఉప్పుగాలి, ఆపైన మూడు బెంగాల్ వానాకాలాలు. తలుపు కింద గుమ్మం పట్టీలోనూ అంతే. టేపు, టార్చి, స్క్రూడ్రైవరు తప్ప ఈ పరీక్షకు ఏమీ అక్కర్లేదు.

మీరు సొంతంగా గమనించగలిగే గుర్తులు కూడా కొన్ని ఉన్నాయి. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు ఒకవైపు సన్నగా, ఒకవైపు వెడల్పుగా ఉండటం; తలుపు వేసేటప్పుడు కొద్దిగా ఎత్తి వేయాల్సి రావడం; అలైన్‌మెంట్ చేయించినా బండి ఒక పక్కకే లాగడం; ఒక టైరు లోపలి అంచు మాత్రమే అరగడం. ఇవి పాత దెబ్బల గుర్తులు కూడా కావచ్చు.

తుప్పు పాలసీలోకి రాదు. అరుగుదల, తరుగుదల కింద తీసేస్తారు, సర్వేయరు కూడా మర్యాదగానే ఆ మాట చెప్పాడు. కుళ్లిన ముక్క కోసి కొత్త రేకు అతికి వెల్డింగు చేయడానికి గ్యారేజీ 22,000 అడిగింది. దాంతో బాగు చేయించే దారి 34,500 నుంచి 56,500 అయింది. అమ్మే దారి 49,000 దగ్గరే ఉంది. డబ్బు లెక్కలోనూ బాగు చేయించడం ఓడిపోయింది. పైగా అతుకు వేసిన దూలం గుద్దుడులో ఎలా ప్రవర్తిస్తుందో రాసివ్వమంటే మెకానిక్ నవ్వాడు.

డీలరుకా, స్క్రాపుకా?

డీలరుకు అమ్మేద్దామంటే మరో ప్రశ్న వచ్చింది. డీలరు 45,000 పెట్టి కొనేది ఇనుముకు కాదు. పైపైన రేకు అతికి, రంగు కొట్టి, లక్షా పదివేలకు ఎవరికో అమ్మడానికి. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రం వాళ్లు చెప్పిన ధర 24,000. ప్రభుత్వం 2021లో స్క్రాపేజీ విధానం ప్రకటించినప్పుడు చెప్పిన అంచనా కూడా కొత్త బండి షోరూమ్ ధరలో 4 నుంచి 6 శాతమే, కాబట్టి వాళ్లేం తక్కువ చెప్పలేదు. తేడా 21,000.

అత్తయ్యగారు సూటిగా అడిగారు. "ఇరవయ్యొక్క వేలంటే మాటలా అల్లుడు గారూ? కొనేవాడు చూసుకుని కొనుక్కుంటాడు గదా." ఆ మాట తీసిపారేసేది కాదు. పెన్షను మీద బతికే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. లోపం ఇదీ అని కాగితం మీద రాసి డీలరుకే ఇద్దామని నేనన్నాను. ఆ కాగితం డీలరు సొరుగు దాటి బయటకు రాదని మా ఆవిడ అంది. "కొనేది మనలాంటి వాళ్లే. కొత్త కారుకు డబ్బు చాలనివాళ్లే. వాళ్ల అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మెదినీపూర్ తీసుకెళ్తారు" అంది.

మావయ్యగారిని అడిగితే ఆయన రైల్వే మాటే చెప్పారు. ప్రయాణికుల సర్వీసు నుంచి తీసేసిన పాత ఐసీఎఫ్ పెట్టెల్లో బాగున్నవాటిని కిటికీలు మూసి, చివర తలుపులు పెట్టి, కొత్త కార్లు మోసే ఎన్ఎమ్‌జీ వ్యాగన్లుగా మారుస్తారు. ఫ్రేమ్ పోయినవాటిని ముక్కలు చేస్తారు. "ఫ్రేమ్ పోయిన పెట్టెకు రంగేసి మళ్లీ మనుషుల్ని ఎక్కించడం మా షాపులో నేను చూడలేదు" అని ఊరుకున్నారు. అత్తయ్యగారు ఆ రాత్రి మరి మాట్లాడలేదు. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ, "ఆ స్క్రాపు వాళ్లనే పిలవండి" అన్నారు.

డీలరుకు ఇవ్వడంలో ఇంకో ప్రమాదం ఉంది, మన పాఠకులు గట్టిగా గుర్తుంచుకోవలసింది. ఆర్‌సీలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో యజమాని మీరే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది: బండి చేతులు మారి ఎన్ని అమ్మకాలు జరిగినా, రిజిస్టర్లో పేరున్నవాడే ప్రమాద పరిహారానికి బాధ్యుడు. డీలరు ముందే సంతకాలు చేయించుకున్న ఫారాలను సొరుగులో పెట్టుకుని, కొనేవాడు దొరికినప్పుడు నింపుతాడు. ఆ మధ్యలో ఆ బండి ఎవరినైనా గుద్దితే నోటీసు మనింటికే వస్తుంది.

స్క్రాపు కాగితాల పని మేం భయపడ్డంత లేదు. ఆర్‌సీ మీద హైపోథికేషన్ ఉండకూడదు. లోను తీర్చేసి, ఫారం 35, బ్యాంకు ఎన్ఓసీ ఇంట్లోనే పెట్టుకుని ఆర్‌టీఓకు ఇవ్వనివాళ్లు మన ఖాతాదారుల్లోనే కాదు, సిబ్బందిలోనూ చాలామంది ఉన్నారు. మాది ఎప్పుడో తీయించేశాం. కేంద్రంవాళ్లు బండిని తీసుకుని సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇచ్చారు. దాన్ని చూపిస్తే కొత్తగా కొనే సొంత కారు రోడ్డు పన్నులో 25 శాతం దాకా తగ్గించవచ్చని కేంద్రం నిబంధన. ఎంత తగ్గిస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి. బండి ఇక నడవదని ఆర్‌టీఓకు 14 రోజుల్లో తెలపాలని చట్టంలోని 55వ సెక్షన్ చెబుతుంది. ముక్కలు చేశాక వచ్చే స్క్రాపింగ్ సర్టిఫికెట్, ఆర్‌సీ రద్దు కాగితం రెండూ వచ్చేదాకా వదలకండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి పాలసీ రద్దు చేయించాలి. ఫాస్టాగ్ అద్దం మీంచి పీకేసి ఊరుకోకుండా, ఇచ్చిన బ్యాంకుకు చెప్పి మూయించాలి. మాది మన బ్యాంకుదే, అందులో మిగిలిన 340 రూపాయలు ఖాతాలో పడ్డాయి.

ఇప్పుడు అత్తయ్యగారు ఆసుపత్రికి ఆటోలో వెళ్తున్నారు. సెకండ్ హ్యాండ్ కారు ఒకటి వెతుకుతున్నాం. ర్యాంపు ఎక్కించి చూపించనంటే ఆ బండి చూడ్డానికి నేను రానని మావయ్యగారు ముందే చెప్పేశారు. ఇప్పటికి నాలుగు చూశాం, రెండింటి ఓనర్లు ర్యాంపు అనగానే ఫోను పెట్టేశారు.